స్టోర్నోవే వెళ్తే పాప చదువు ఏమవుతుంది? దీవి మొత్తానికి ఒకటే పెద్ద హైస్కూలట

అమరావతి_కోడలు
మా ఆయనకి స్టోర్నోవే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. జవాబు చెప్పడానికి మూడు వారాలు టైమిచ్చారు. ఆయన మనసు ఎప్పుడో ఓడెక్కేసింది, నేనే ఇంకా ఒడ్డున ఉన్నాను. తెలియనివాళ్ళకి చెప్తున్నా, స్కాట్లాండ్ మ్యాప్‌లో ఎడమవైపు పైన సముద్రంలో దీవులు కనిపిస్తాయి కదా, వాటిలో లూయిస్ అని ఒకటి, దానికి ఇదే పట్నం. పట్నం అంటే ఏడెనిమిది వేల జనం. మా తెనాలిలో రెండు మూడు వార్డులు.

ఇప్పుడు లెస్టర్‌లో ఉన్నాం. పాప ఇయర్ 9 (పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల క్లాసు), జీసీఎస్‌ఈ అని ఇంగ్లండ్‌లో పదహారేళ్ళకి రాసే పరీక్షలకి సబ్జెక్టులు ఎంచుకునే ఫారం డైనింగ్ టేబుల్ మీదే ఉంది. బాబు ఇయర్ 4. ఇక్కడైతే స్కూలు నచ్చకపోతే ఇంకోటి చూసుకుంటాం. అక్కడ లూయిస్ మొత్తానికి ఒకటే హైస్కూలు, నికల్సన్ ఇన్‌స్టిట్యూట్. 1873 నాటిదట. అది నచ్చకపోతే ఇక సముద్రమే. అంత పాత స్కూలంటే మంచి పేరున్నట్టా, పాతబడిపోయినట్టా? స్కాట్లాండ్ పల్లెల్లో పిల్లల్ని చదివించినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. "పిల్లలు ఎక్కడైనా సర్దుకుపోతారు" అని మాత్రం అనకండి, అది మా అత్తగారు అనేశారు.

గుంటూరు_కారం
పిల్లలు ఎక్కడైనా సర్దుకుపోతారండి.

అమరావతి_కోడలు
మా అత్తగారు ఇక్కడ మారుపేరుతో ఉన్నారన్నమాట.

అబర్డీన్_ఆవకాయ
నా ఓటు వద్దు అనే. పదమూడేళ్ళుగా స్కాట్లాండ్‌లో ఉంటున్నా, ఆ దీవికి రెండుసార్లు వెళ్ళా, చూడ్డానికి స్వర్గం. ఉండటానికి? డిసెంబర్‌లో తొమ్మిది దాటాక తెల్లారుతుంది, మూడున్నరకి చీకటి. పిల్ల చీకట్లో స్కూలుకెళ్ళి చీకట్లో ఇంటికొస్తుంది. గాలి గట్టిగా వీస్తే ఓడ ఉండదు, ఓడ రాకపోతే షాపులో పాలూ బ్రెడ్డూ ఉండవు. మీవారు వెళ్ళి ఉద్యోగం చేసుకోనీండి, మీరూ పిల్లలూ అబర్డీన్ రండి. ఇక్కడ నాలుగు స్కూళ్ళు చూసి ఒకటి ఎంచుకోవచ్చు. ఒకటే స్కూలున్న ఊరికి పదో తరగతి పిల్లని తీసుకెళ్ళడం నాకైతే రిస్కు.

లెక్కల_టీచరమ్మ
స్కాట్లాండ్ ఉత్తరాన హైలాండ్స్‌లో సెకండరీ స్కూల్లో మ్యాథ్స్ చెప్తాను, తొమ్మిదో ఏడు. అమరావతి గారూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఒక్క మాట చెప్పండి. పాప ఏ నెలలో పుట్టింది?

గుంటూరు_కారం
జాతకం కూడా చూస్తారా టీచర్ గారు?

అమరావతి_కోడలు
నవంబర్. ఎందుకండీ?

లెక్కల_టీచరమ్మ
భయపడ్డట్టే అయింది. ఇంగ్లండ్‌లో క్లాసు సెప్టెంబర్ 1తో విడదీస్తారు, స్కాట్లాండ్‌లో మార్చి 1తో. అందుకని మీ ఇయర్ 9 పిల్లల్లో మార్చి నుంచి ఆగస్టు మధ్య పుట్టినవాళ్ళు ఇక్కడ ఎస్2లో (అంటే సెకండరీ రెండో ఏడు) ఉంటారు, సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పుట్టినవాళ్ళు ఎస్3లో ఉంటారు. మీ పాప ఇక్కడి లెక్కన ఇప్పటికే ఎస్3. ఎస్3 తర్వాత ఎస్4, ఎస్4 చివర్లో నేషనల్ 5 పరీక్షలు. అంటే లెస్టర్‌లో ఇంకా రెండేళ్ళకి రాయాల్సిన పరీక్షలకి సమానమైనవి ఇక్కడ వచ్చే ఏడాది ఏప్రిల్, మే నెలల్లోనే రాయాలి. ఈ సంగతి తెలియక ఆగస్టులో దిగి తలపట్టుకున్న ఇద్దరు తల్లిదండ్రులు నా ఎదురుగా కూర్చున్నారు, ఒకళ్ళు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు.

ఇంకో విషయం. మాకు కొత్త ఏడాది చదువు ఆగస్టులో మొదలవదు. పరీక్షలు అవగానే జూన్‌లోనే టైంటేబుల్ మారిపోతుంది, పిల్లలు మూడు నాలుగు వారాలు కొత్త క్లాసు పాఠాలు విని జూన్ చివర సెలవులకి వెళ్తారు. మళ్ళీ ఆగస్టు మధ్యలో బడి. ఎస్4కి ఏ సబ్జెక్టులని ఫారం నింపేది మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో. కాబట్టి వెళ్ళేది ఖాయమో కాదో తర్వాత తేల్చుకోండి, స్కూలుకి ఫోన్ మాత్రం ఈ వారమే చెయ్యండి.

అమరావతి_కోడలు
నిజంగా ఇది ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి వాళ్ళు ఇల్లు గురించి చెప్పారు, కారు ఓడ మీద ఎలా తేవాలో చెప్పారు, ఇది మాత్రం చెప్పలేదు. టెన్షన్ మొదలైంది. ఒక క్లాసు కింద వెయ్యమని అడగొచ్చా?

లెక్కల_టీచరమ్మ
అడగొచ్చు, మాట్లాడి నిర్ణయిస్తారు. కానీ తొందరపడి అడక్కండి. ఇక్కడ ఎస్4 అయ్యాక ఎస్5లో హయ్యర్స్, ఎస్6లో అడ్వాన్స్‌డ్ హయ్యర్స్. ఎస్5 హయ్యర్స్‌తోనే యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళుంటారు, చాలామంది ఎస్6 కూడా చదివి వెళ్తారు. అంటే నేషనల్ 5లో ఒక సబ్జెక్టు దెబ్బతిన్నా సర్దుకోడానికి వెనకాల ఇంకో రెండేళ్ళుంటాయి. ఇంగ్లండ్‌లో ఏ లెవెల్స్‌కి అన్నీ చివర్లో ఒకేసారి పడతాయే, ఆ భయం ఇక్కడ కాస్త తక్కువ.

వానలో_వడ
ఇప్పటిదాకా అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు కాబట్టి చేదు మాట నేను చెప్తాను. మాది దీవి కాదు, మెయిన్‌లాండ్‌లోనే ఒక పల్లెటూరు, స్కూలు పేరు చెప్పను. వందేళ్ళు దాటిన బడి, గోడల మీద పాత ఫోటోలు, కప్పులు, ఎప్పటివో బంగారు అక్షరాల పేర్లు. మావాడు ఎస్5లో ఉండగా ఫిజిక్స్ సార్ వెళ్ళిపోయారు. పోస్టుకి ప్రకటన ఇచ్చారు, ఎవరూ రాలేదు. మళ్ళీ ఇచ్చారు, ఒకాయన వచ్చి ఇల్లు దొరక్క వెనక్కి పోయాడు. ఎనిమిది నెలలు ఇవాళ బయాలజీ మేడం, రేపు పీఈ సార్ వచ్చి కూర్చునేవాళ్ళు. ఎస్6లో అడ్వాన్స్‌డ్ హయ్యర్ ఫిజిక్స్ మా దగ్గర లేదు, ఆన్‌లైన్‌లో చదువుకోమన్నారు, ఆ టైం కెమిస్ట్రీ పీరియడ్ మీద పడింది. చివరికి వాడు ఇంజనీరింగ్‌కే వెళ్ళాడు, సీటు వచ్చింది, కానీ ఆ ఏడాది ఇంట్లో మేం పడ్డ గొడవ నాకు తెలుసు. గోడ మీది 1900ల ఫోటో చూసి మురిసిపోకండి. ఇప్పుడు ఫిజిక్స్ ఎవరు చెప్తున్నారు, ఎన్నాళ్ళుగా చెప్తున్నారు, అది అడగండి.

లెక్కల_టీచరమ్మ
వడ గారు చెప్పింది అక్షరాలా నిజం, నేనే ఒప్పుకుంటున్నా. పల్లె స్కూళ్ళలో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటింగ్, హోమ్ ఎకనామిక్స్ టీచర్లు దొరకడం గగనం. నా క్లాసులో ఒకే పీరియడ్‌లో హయ్యర్ పిల్లలు తొమ్మిదిమంది, అడ్వాన్స్‌డ్ హయ్యర్ పిల్లలు ముగ్గురు, ఇటు తిరిగి ఒకటి చెప్పి అటు తిరిగి ఒకటి చెప్తాను.

కానీ స్టోర్నోవే విషయంలో రెండు తేడాలున్నాయి. ఒకటి, నికల్సన్ చిన్న బడి కాదు, పిల్లలు సుమారు వెయ్యి మంది. ఆ సైజులో సబ్జెక్టులు బాగానే దొరుకుతాయి. రెండు, ఆన్‌లైన్ పాఠాల కథ మొదలైందే ఆ దీవిలో. ఈ-స్గొయిల్ అని 2016లో అక్కడి కౌన్సిల్ పెట్టింది, ఒక బడిలో లేని టీచరు ఇంకో చోట నుంచి కెమెరా ముందు చెప్తారు. కోవిడ్ వచ్చాక స్కాట్లాండ్ అంతా వాడుకుంది. అక్కడివాళ్ళ పాత భాష గేలిక్‌లో స్గొయిల్ అంటే బడే.

బస్సులో_హోంవర్కు
నాకు ఇరవై ఏళ్ళు, గ్లాస్గోలో చదువుతున్నా. నేను ఒక దీవి స్కూల్లోనే చదివాను. ఏ దీవో చెప్పను, చెప్తే మా అమ్మ ఎవరో పది నిమిషాల్లో తెలిసిపోతుంది, అంత చిన్న ఊరు. ఇక్కడ అందరూ పెద్దవాళ్ళే మాట్లాడుతున్నారు కాబట్టి పిల్లల తరఫున రాస్తున్నా.

మొదటి రోజు నేను బస్సెక్కేసరికి డ్రైవర్‌కి నా పేరు తెలుసు. నాకది భయమేసింది, బర్మింగ్‌హామ్‌లో పక్కింటివాళ్ళకే తెలీదు. మొదటి టర్మ్ చాలా కష్టం ఆంటీ, అబద్ధం చెప్పను. వాళ్ళంతా నర్సరీ నుంచి ఒకే గుంపు, ఒకళ్ళ అమ్మమ్మ ఇంకొకళ్ళ అమ్మమ్మకి చెల్లెలు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ లంచ్‌లో ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు, లైబ్రరీలో కూర్చునేదాన్ని. తర్వాత ఒకమ్మాయి "నువ్వు నెట్‌బాల్ ఆడతావా?" అని అడిగింది. నేను ఆడను. ఆడతానన్నాను. అక్కడ నుంచి బాగుంది.

అబర్డీన్ అంకుల్ చీకటి గురించి చెప్పారు, జూన్ గురించి చెప్పలేదు. రాత్రి పదిన్నరకి కూడా వెలుతురుంటుంది, పరీక్షలయ్యాక సముద్రం ఒడ్డున మంట వేసుకుని కూర్చునేవాళ్ళం, మా అమ్మ ఫోన్ కూడా చేసేది కాదు. అదే బర్మింగ్‌హామ్‌లో అయితే ఏడింటికి పోలీసులకి చెప్పేది.

అబర్డీన్_ఆవకాయ
జూన్ గురించి చెప్పకపోవడం నా తప్పే తల్లీ. దోమల గురించి నువ్వు చెప్పలేదు మరి.

బస్సులో_హోంవర్కు
మిడ్జెస్ అంకుల్, నలుసంత ఉండి కుట్టే పురుగులు. వాటిని దోమలంటే దోమలకి కోపం వస్తుంది.

దీవి_డాక్టర్
నేను స్టోర్నోవేలో నాలుగేళ్ళు పనిచేశాను, మావాడు అక్కడ ఎస్1 నుంచి ఎస్4 దాకా చదివాడు, తర్వాత నా ఉద్యోగం మారి వచ్చేశాం. లాభనష్టాల జాబితా ఇవ్వను, ఒక్క సంగతి చెప్తాను.

మేం యూకేలో తెలుగువాళ్ళం కలిస్తే రెండే టాపిక్‌లు, ఇల్లు ఎంతకి కొన్నావు, పిల్లలు ఏ స్కూలు. గ్రామర్ స్కూలు పరీక్షకి ఐదో ఏట నుంచి ట్యూషన్. మంచి స్కూలున్న వీధిలో ఇల్లు కొనడానికి ఇంకో లక్ష పౌండ్లు. స్టోర్నోవేలో ఆ సంభాషణే లేదు. కన్సల్టెంట్ కొడుకు, చేపల పడవాయన కూతురు, బ్యాంకు మేనేజర్ పిల్లలు, గొర్రెలు కాసే క్రాఫ్టర్ పిల్లలు, అందరూ అదే గేటు. మొదట నాకు ఊపిరాడలేదు, వాణ్ణి ఎవరితో పోల్చుకోవాలో తెలియలేదు. ఆరు నెలలకి తలనొప్పి తగ్గినట్టు అనిపించింది. స్కూల్లో ఏదైనా బాగోలేకపోతే పారిపోయే దారి లేదు కాబట్టి అందరూ కలిసి దాన్నే బాగుచేసుకోవాలి. పేరెంట్స్ మీటింగ్‌లో తలుపు తోసుకుని వచ్చేంత జనం ఉండేవాళ్ళు.

బస్సుల సంగతి. దీవి ఉత్తరపు చివర నెస్ నుంచి స్టోర్నోవేకి పాతిక మైళ్ళు దాటుతుంది, పడమటి ఊయిగ్ నుంచి ఇంకా ఎక్కువ, దారిలో గొర్రెలు. వెనకటి రోజుల్లో దూరపు పిల్లలు పట్నంలో హాస్టల్లో ఉండి చదివేవాళ్ళు, ఇప్పుడు రోజూ బస్సే. మీరు పట్నంలోనే ఉంటారు కాబట్టి మీకు నడకే. స్కాట్లాండ్‌లో 22 ఏళ్ళు నిండని వాళ్ళకి 2022 నుంచి బస్సు ఊరికే, కార్డు ఒకటి తీసుకోండి.

గుంటూరు_కారం
డాక్టర్ గారూ, పోల్చుకోడానికి ఎవరూ లేక ఊపిరాడలేదు అన్న ముక్క ఫ్రేము కట్టించి ప్రతి తెలుగు సంఘం ఆఫీసులో పెట్టాలి.

అబర్డీన్_ఆవకాయ
డాక్టర్ గారు బాగా రాశారు గానీ ఒప్పుకోను. ఎంచుకునే అవకాశం లేకపోవడాన్ని సుగుణంగా చెప్తున్నారు. మీరు నాలుగేళ్ళకి వచ్చేశారు కదా! పేపర్లో ఏటా ర్యాంకులు వేస్తారు, అయిదు హయ్యర్స్ తెచ్చుకున్నవాళ్ళు ఎంత శాతం అని. అవి చూసి ఎంచుకోవడంలో తప్పేముంది?

లెక్కల_టీచరమ్మ
ఆ పట్టీ ప్రభుత్వం వేసేది కాదు, పేపర్లు లెక్కలు తీసుకుని వేసుకునేది. పట్టీలో పైనున్నవాటిలో చాలావరకు డబ్బున్న శివారు కాలనీల స్కూళ్ళు. దీవి బడిలో బాగా చదివేవాళ్ళూ, పదహారేళ్ళకే పడవ మీదకో, మగ్గం మీదకో, వడ్రంగానికో పోయేవాళ్ళూ ఒకే లెక్కలో ఉంటారు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే నా దగ్గర లెక్కల్లో మార్కులు పోతాయి.

అమరావతి_కోడలు
మగ్గమా? ఏ మగ్గం?

దీవి_డాక్టర్
హారిస్ ట్వీడ్ అని ఉన్ని బట్ట. ఆ దీవుల్లో నివసించేవాళ్ళు ఇంట్లో చేత్తో నేస్తేనే ఆ పేరు పెట్టాలని 1993లో పార్లమెంటు చట్టమే చేసింది. కొండ దారిలో పోతుంటే షెడ్డులోంచి టకటకమని చప్పుడు. నాకు మంగళగిరి గుర్తొచ్చేది. మనవాళ్ళకి కూడా అలాంటి చట్టం ఉంటే బాగుండు అనిపించేది, సరే అది వేరే చర్చ.

కైఫీయత్తుల_పిచ్చి
మూడు రోజులుగా ఈ చర్చ చూస్తున్నా, ఎవరైనా ఎత్తుతారేమో అని. ఎవరూ ఎత్తలేదు. అమరావతి కోడలు గారూ, మీరు వెళ్ళబోయేది కాలిన్ మెకంజీ పుట్టిన ఊరికి!

ఆయన 1754 ప్రాంతంలో స్టోర్నోవేలో పుట్టాడు, అక్కడే కస్టమ్స్‌లో ఉద్యోగం చేసి, 1783లో మద్రాసు వచ్చాడు. మన ఊరూరి కరణాల దగ్గర కూర్చుని, ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టారు అని రాయించిన కైఫీయత్తులు ఆయన పుణ్యమే. ఆయన పుణ్యం అనడం కూడా తప్పు, ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి లేకపోతే మెకంజీకి ఒక్క ముక్క బోధపడేది కాదు. ఇక అమరావతి స్తూపం, అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దిబ్బ తవ్విస్తున్నాడని విని 1797, 98 ప్రాంతంలో వెళ్ళి చూశాడు. 1816లో మళ్ళీ మనుషుల్ని పెట్టి శిల్పాలకి బొమ్మలు గీయించాడు. ఇప్పుడు లేని పలకలు కూడా ఆ బొమ్మల్లో ఉన్నాయి. భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కలకత్తా దగ్గర పోయాడు, మళ్ళీ తన దీవి చూడలేదు. 2017లో స్టోర్నోవేలో ఆయన సేకరణల ప్రదర్శన పెట్టారు, మన అమరావతి రాళ్ళ బొమ్మలు ఆ ఊరివాళ్ళు చూశారు.

బడి పేరులో ఉన్న నికల్సన్ కథ కూడా అలాంటిదే. ఆయన స్టోర్నోవే వాడే, షాంఘైలో ఇంజనీరు, 1865లో పేలుడులో చనిపోయాడు. సొంతూరి పిల్లల చదువుకని రాసిపోయిన డబ్బుతో ఆ బడి పెట్టారు.

గుంటూరు_కారం
అంటే 1873 నాటి ఎన్నారై డొనేషన్. శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు లేదా?

అమరావతి_కోడలు
మా మామగారి ఊరు అమరావతికి నాలుగు కిలోమీటర్లు. ఇది చదివి వినిపించాను, "నేను చెప్పలా, మంచి చోటని" అన్నారు. ఆయనకి స్టోర్నోవే పేరు నిన్నటిదాకా పలకడం రాదు.

వానలో_వడ
కథ బాగుంది. ఫిజిక్స్ టీచరు ఉన్నాడా లేదా?

మినపట్టు_మాధురి
భాష సంగతి ఎవరూ మాట్లాడలేదే. గేలిక్ నేర్చుకోమంటారా? చిన్నాడికి అదో భారం కాదూ?

దీవి_డాక్టర్
పాపకి ఎస్4లో ఎవరూ బలవంతపెట్టరు. చిన్నాడు ప్రైమరీలో పాటలు, పలకరింపులు నేర్చుకుంటాడు. మొత్తం గేలిక్‌లోనే చెప్పే క్లాసులు వేరే ఉంటాయి, వాటిలో మొదటి తరగతి నుంచే చేరాలి. 2020లో అక్కడి కౌన్సిల్ ఒక పని చేసింది, ఒకటో తరగతిలో చేరే పిల్లల్ని అడక్కుండానే గేలిక్ మీడియంలో వేస్తారు, ఇంగ్లీషు కావాలంటే తల్లిదండ్రులు అడగాలి. అంతకు ముందు తలకిందులు, గేలిక్ కావాలంటే అడగాలి.

కైఫీయత్తుల_పిచ్చి
దీని వెనక పెద్ద గాయం ఉంది. 1872లో స్కాట్లాండ్‌లో బడి అందరికీ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, అందులో గేలిక్ ఊసే లేదు. గేలిక్ మాట్లాడిన పిల్లల మెడలో కర్ర తగిలించే శిక్ష ఉండేదని ఆ ప్రాంతాల పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మనకి కొత్తేం కాదు, 2009లో మైదుకూరులో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేసిన వార్త గుర్తుందా? వాళ్ళు కర్ర దించి నూరేళ్ళకి భాష కోసం బడి కడుతున్నారు, మనం ఇంకా...

గుంటూరు_కారం
పిచ్చి గారు ఇంకో పేజీ రాసేలోపు, తిండి సంగతి చెప్పండెవరైనా.

బస్సులో_హోంవర్కు
ఆ ఊరు బ్లాక్ పుడ్డింగ్‌కి ఫేమస్. అందులో ఏముంటుందో శాకాహారులు అడక్కండి. ఇంకొకటి, అక్కడ సగం మంది మెక్‌లియాడ్, మిగతా సగం మెక్‌డొనాల్డ్, అందుకని ప్రతి ఇంటికీ ముద్దుపేరుంటుంది. మా తాతగారి ఊళ్ళో కూడా నలుగురు వెంకటేశ్వర్లు ఉంటే చెరువుగట్టు వెంకటేశ్వర్లు, సైకిల్ వెంకటేశ్వర్లు అంటారు కదా, అచ్చం అలాగే. మాకూ ఒకటి పెట్టారు. చెప్పను.

మినపట్టు_మాధురి
ఆదివారం దేవుడి రోజని పార్కులో ఉయ్యాలలకి కూడా తాళం వేస్తారని విన్నా, నిజమేనా?

దీవి_డాక్టర్
ఒకప్పుడు నిజం. ఆదివారం ఓడ కూడా 2009లోనే మొదలైంది, రేవులో కొందరు ప్రార్థన చేస్తూ నిరసన తెలిపారు. టెస్కో సూపర్‌మార్కెట్ ఆదివారం తెరవడం 2024 నవంబర్ నుంచి. మేమున్నప్పుడు శనివారం సాయంత్రమే పాలు కొని పెట్టుకునేవాళ్ళం. నాకు ఆ ఆదివారాలు ఇప్పుడు గుర్తొస్తాయి, మావాడికి మాత్రం గుర్తు చెయ్యకండి. ఏడెనిమిది దశాబ్దాలుగా పాకిస్తానీ కుటుంబాలు ఉన్నాయి అక్కడ, వాళ్ళ పిల్లలు గేలిక్ మాట్లాడతారు, 2018లో మసీదు వచ్చింది. గుడికి మాత్రం ఓడ దాటాలి.

అబర్డీన్_ఆవకాయ
ఇంకొక ముఖ్యమైన విషయం, ఈసారి మీవైపే మాట్లాడుతున్నా. మీకు ఐఎల్‌ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చేసిందా? వచ్చి ఉంటే, యూకేలో మూడేళ్ళ నివాసం ఉండి, డిగ్రీ మొదటి ఏడాది ఆగస్టు 1 నాటికి స్కాట్లాండ్‌లో స్థిరపడి ఉంటే స్కాటిష్ యూనివర్సిటీలో పాప ఫీజు సాస్ (స్కాట్లాండ్ ప్రభుత్వ విద్యార్థి సహాయ సంస్థ) కడుతుంది, ఏడాదికి 1,820 పౌండ్లు. అదే లెస్టర్ నుంచి ఎడిన్‌బరో వస్తే మీరు ఏడాదికి తొమ్మిది వేల పైనే కట్టాలి, నాలుగేళ్ళు. ఈ లెక్క మీవారు చెప్పలేదా?

అమరావతి_కోడలు
వచ్చేసింది. ఆయన ఈ లెక్క చెప్పలేదు, సముద్రం ఫోటోలు చూపించారు.

వానలో_వడ
ఒక్కటి అడుగుతా. ఇంతమందిమి మాట్లాడాం, పాప ఏమంటోంది?

అమరావతి_కోడలు
అడగలేదు. నిజం చెప్తున్నా, ఆయన జాబ్ గురించే మాట్లాడుకున్నాం ఇప్పటిదాకా. ఈ రాత్రి అడుగుతా.

అమరావతి_కోడలు
అడిగాను. మూడు ప్రశ్నలు వేసింది. స్పానిష్ ఉంటుందా? వయొలిన్ మానెయ్యాలా? (కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, ఆరేళ్ళయింది.) మూడోది, "అక్కడ నాలాంటి వాళ్ళు ఎంతమంది?" దీనికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కల_టీచరమ్మ
స్పానిష్ సంగతి స్కూల్లోనే అడగండి, ఏటా మారుతుంది. స్కాట్లాండ్ బడుల్లో 2021 నుంచి వాయిద్యం నేర్పడానికి ఫీజు లేదు. కానీ వాళ్ళు నేర్పేది కర్ణాటక పద్ధతి కాదు, గురువుగారి క్లాసు ఆన్‌లైన్‌లో కొనసాగించండి. రెండూ కలిపి వాయించే పిల్లని నేను ఒకర్ని చూశాను, స్కూల్ కన్సర్ట్‌లో చప్పట్లు ఆగలేదు.

బస్సులో_హోంవర్కు
మూడోదానికి నేను చెప్తా ఆంటీ. నా ఇయర్‌లో నేనొక్కదాన్నే. ఎస్6 అయ్యేసరికి కూడా నేనొక్కదాన్నే. కొన్నిరోజులు అది బరువు, కొన్నిరోజులు గుర్తే ఉండదు. తనకి కావాలంటే నాకు మెసేజ్ చెయ్యమనండి, మీరు చదవకూడదు కానీ.

అమరావతి_కోడలు
పద్దెనిమిది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా. నలుగురం వెళ్ళొచ్చాం. ఉల్లాపూల్ నుంచి ఓడ రెండున్నర గంటలు దాటింది, బాబుకి వాంతులు. తిరుగు ప్రయాణంలో గాలికి ఓడ రద్దయి ఒకటిన్నర రోజు ఇరుక్కుపోయాం, అబర్డీన్ గారు గుర్తొచ్చారు. ఆ ఒకటిన్నర రోజే పనికొచ్చింది. బడి కట్టడం కొత్తది, పాత బడి గడియార గోపురం పట్నంలో ఇంకా నిలబడి ఉంది. గైడెన్స్ టీచరు పాపతో గంట మాట్లాడారు, మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. ఫిజిక్స్ సంగతి అడిగాను వడ గారూ, అడగడమే కాదు, ఎన్నాళ్ళుగా ఉన్నారో కూడా అడిగాను, మా ఆయన నా కాలు తొక్కారు. తృప్తిగానే ఉంది జవాబు.

పాప ఎస్4లోకే వెళ్తానంది. ఒక ఏడు కింద కూర్చోవడం తనకి నామోషీ అట. ఏప్రిల్‌లో ఆయన వెళ్తారు, జూన్‌లో టైంటేబుల్ మారేరోజుకి మేం. స్పానిష్‌ది ఇంకా తేలలేదు. బస్సులో అమ్మాయితో రోజూ మెసేజ్‌లు నడుస్తున్నాయి, నేను చదవడం లేదు, చదవాలని మాత్రం ఉంది.

గుంటూరు_కారం
శుభం. లెస్టర్‌లో వెట్ గ్రైండర్ అమ్ముతారా? మా చెల్లెలికి కావాలి.

అమరావతి_కోడలు
గ్రైండర్ నాతోనే ఓడెక్కుతుంది. కరివేపాకు కుండీ కావాలంటే ఇస్తా, అది ఆ గాలికి బతకదేమో.

దీవి_డాక్టర్
కిటికీ లోపల పెడితే బతుకుతుంది. మాది నాలుగేళ్ళు బతికింది, వచ్చేటప్పుడు ఆసుపత్రిలో ఒక నర్సుకి ఇచ్చి వచ్చాం. ఆవిణ్ణి అడిగి చూడండి, కొమ్మ ఇస్తుందేమో.